గ్రాఫిటీతో పాప్ ఆర్ట్ కలిపే గోడ: చుక్కలు, నల్లగీత, ఫిల్-ఇన్... ఏది ముందు, ఏది తర్వాత?

#1 కొత్తగోడ

అందరికీ నమస్కారం. 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న బయటి గోడ ఉంది. యజమాని అనుమతి కాగితం మీద రాసి ఇచ్చారు. సిమెంటు ప్లాస్టరింగ్, కాస్త గరుకు, మధ్యాహ్నం నుంచి నేరుగా ఎండ.

బొమ్మలో కామిక్ పుస్తకాల తరహాలో 2 మీటర్ల వెడల్పు ముఖం ఉంటుంది. చెంపల మీద ఎర్ర చుక్కలు, జుట్టు నిండు పసుపు. వెనక గ్రాఫిటీ అక్షరాలు, పైన కుడివైపు ఒక మాటల బుడగ. తెలుసుకోవాలనుకున్నవి నాలుగు: పొరలు ఏ వరసలో వేయాలి? చుక్క ఎంత ఉండాలి? డిజైన్ గోడకు ఎక్కించడం ఎలా? రంగు ఎంత కావాలి?

#2 నల్లగీత

వరస సంగతి ముందు చెప్తాను, మిగతావన్నీ దానికి లోబడే ఉంటాయి.

ఈ రెండు పద్ధతులూ, అంటే కామిక్‌లు, ప్రకటనల తరహా పాప్ ఆర్ట్, గోడల మీద స్ప్రే డబ్బాతో వేసే గ్రాఫిటీ, ఒకదానికొకటి ఎదురు. పాప్ ఆర్ట్‌కు అందం అచ్చులోంచి వచ్చినట్టుండే చదును రంగులో ఉంది. గ్రాఫిటీకి అందం చేతి వేగంలో, డబ్బాలోంచి వచ్చే పొగలో ఉంది. ఆ పొగ పక్కనున్న తెల్లటి చోటు మీద పడిందంటే పాప్ భాగం మురికిగా కనిపిస్తుంది. అందుకే పొగ ఎక్కువ లేచే పని ముందు, శుభ్రమైన పని తర్వాత, నల్లగీత దాదాపు చివర.

12 చదరపు మీటర్ల గోడకు నేను చెప్పే వరస:

తెల్లటి బేస్ రెండు కోట్లు. దాని మీద లేత బూడిద రంగుతో డిజైన్ గీతలు. తర్వాత వెనక అక్షరాలు: ఫిల్-ఇన్ (అక్షరం లోపల నింపే రంగు), రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసే ఫేడ్, మబ్బులు, 3డీ నీడ. అంటే డబ్బాతో వెడల్పుగా కొట్టే పనంతా ఇక్కడే అయిపోవాలి. ముఖం లోపలికి పొగ వస్తే రానివ్వండి. అది ఆరాక ముఖం మొత్తాన్ని తెల్ల ఎమల్షన్‌తో మళ్లీ కట్‌బ్యాక్ చేయండి, అంటే దాటొచ్చిన రంగును కప్పేయండి. చాలామంది ఈ పని చేయకుండా ముఖానికి ప్లాస్టిక్ షీట్ కట్టి కాపాడాలని చూస్తారు. గాలికి షీట్ లేస్తుంది, అంచుల్లోంచి పొగ దూరుతుంది. రోలర్‌తో అరగంటలో అయిపోయే పనికి అంత అవస్థ అక్కర్లేదు.

ఆ తర్వాత జుట్టు, పెదవుల్లాంటి చదును రంగులు రోలర్, బ్రష్‌లతో. ఆరాక చుక్కలు. చుక్కలను ముఖం అంచు దాటి 1 నుంచి 2 సెం.మీ. బయటికి పోనివ్వండి. ఆ తెగిన చుక్కలను నల్లగీత కప్పేస్తుంది. చుక్కలను గీత దాకా వచ్చి ఆగేలా వేస్తే మధ్యలో తెల్లటి సందు మిగిలి, అతికించిన బొమ్మలా ఉంటుంది. చివరగా నల్లగీత, తెల్ల మెరుపులు, కారే రంగు చారలు.

ఈ కలయిక కొత్తదేమీ కాదు. 1980లో న్యూయార్క్‌లో గ్రాఫిటీ కళాకారుడు ఫ్యాబ్ 5 ఫ్రెడ్డీ ఒక సబ్‌వే రైలు పెట్టె పొడవునా క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు వేశాడు. పాప్ ఆర్ట్ చిత్రకారుడు వార్‌హోల్ 1962లో 32 కాన్వాసుల మీద వేసిన డబ్బాలే అవి. అదే తరంలో ఆ నగరంలోని బ్రాంక్స్ నుంచి వచ్చిన క్రాష్ అనే కళాకారుడు, రైళ్ల మీద నేర్చిన స్ప్రే చేతిని కామిక్ కళ్లకు, చుక్కలకు వాడాడు. అతని పనులు దగ్గరగా చూడండి. ఫేడ్ ఉన్నచోట ఫేడ్‌లాగే ఉంటుంది, చుక్క ఉన్నచోట చుక్కలాగే ఉంటుంది. ఒకటి ఇంకోదాన్ని అనుకరించదు.

#3 చుక్కలలెక్క

చుక్క సైజు కంటిచూపు లెక్కతో తేలుతుంది. మామూలు చూపున్న కన్ను విడదీయగలిగేది సుమారు ఒక ఆర్క్ మినిట్ (డిగ్రీలో 60వ వంతు కోణం). అంటే 3.4 మీటర్ల దూరంలో 1 మి.మీ. చుక్కల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 40 మి.మీ. పెడితే సుమారు 135 మీటర్ల దూరం వెళ్లేదాకా అవి పూర్తిగా కలిసిపోవు. వీధి గోడను చూసే 5 నుంచి 20 మీటర్ల దూరంలో స్పష్టంగా చుక్కలుగానే కనిపిస్తాయి. పాప్ ఆర్ట్‌లో మనకు కావలసింది అదే.

మరీ పెద్దవైతే ఇంకో ఇబ్బంది. చెంప గుండ్రదనం తెలియాలంటే దాని అడ్డంగా కనీసం 12 నుంచి 15 చుక్కలు పట్టాలి. మీ ముఖం 2 మీటర్లు కాబట్టి చెంప సుమారు 60 సెం.మీ. 40 మి.మీ. దూరంతో 15 పడతాయి, సరిపోతుంది.

ఇప్పుడు ముదురు, లేత. నిలువు అడ్డం సరి గడుల్లో చుక్కలు పెడితే, 40 మి.మీ. దూరానికి చుక్క వ్యాసం 14 మి.మీ. అయితే గోడలో 10 శాతం కప్పుతుంది. 20 అయితే 20 శాతం, 25 అయితే 31 శాతం, 32 అయితే 50 శాతం. సందు చుక్కల ముగ్గులోలా వరస తప్పించి పెడితే అదే వ్యాసానికి కొంచెం ఎక్కువ కప్పుతుంది: 20కి 23 శాతం, 25కి 35 శాతం. ముఖానికి సందు చుక్కలే బాగుంటాయి. సరి గడుల్లో నిలువు గీతలు పుట్టి కన్ను వాటి వెంట పోతుంది.

స్టెన్సిల్‌తో, అంటే రంధ్రాలు కోసిన షీట్‌తో, వేసేటప్పుడు వ్యాసం, దూరంలో 70 శాతం దాటొద్దు. 40కి 28 వరకు సరే. 32 పెడితే రెండు రంధ్రాల మధ్య మిగిలే పట్టీ 8 మి.మీ. మాత్రమే. తడి రంగుకు అది వంగి లేస్తుంది, కిందికి రంగు పాకుతుంది. అంతకంటే ముదురు కావాలంటే తిరగేయండి: ముందు ఎర్ర చదును వేసి, దాని మీద తెల్ల చుక్కలు.

ఇంకొకటి. అన్నీ ఒకే సైజు చుక్కలైతే అది బెన్-డే పద్ధతి. 1879లో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు మొదలుపెట్టినది, కామిక్ పుస్తకాల్లో ఉన్నది. చుక్క సైజు మారుతూ నీడ చూపించేది హాఫ్‌టోన్, పత్రికల్లో ఫొటోలది. మీ బొమ్మ కామిక్ తరహా కాబట్టి ఒకే సైజు చాలు. రెండూ ఒకే ముఖంలో కలిపితే బొమ్మ ఎటూ కాకుండా పోతుంది.

#4 కొత్తగోడ

చాలా ఉపయోగపడింది. చుక్కల షీట్ దేంతో చేసుకోవాలి? మైలార్ అనే ప్లాస్టిక్ షీట్‌తో కోయించాలా, రంధ్రాల రేకు వాడొచ్చా? ఒక షీట్‌ను జరుపుకుంటూ పోతే వరసలు తప్పవా?

#5 చుక్కలలెక్క

రెండూ వాడొచ్చు. రంధ్రాల రేకుకు కొలతలు ఆర్, టీ అనే అక్షరాలతో చెప్తారు. ఆర్10 టీ15 అంటే 10 మి.మీ. గుండ్రటి రంధ్రం, సందు వరసలో 15 మి.మీ. దూరం, 40 శాతం ఖాళీ. చిన్న ప్యానెల్‌కు, కాన్వాసుకు రేకు ఎంతో బాగుంటుంది. సాల్వెంట్‌తో కడిగితే మళ్లీ కొత్తదే. కానీ మీ గోడకు 40 మి.మీ. దూరం కావాలి, ఆ సైజు రేకు బరువు, ఒంటి చేత్తో గోడకు నొక్కి పట్టుకోలేరు. 190 మైక్రాన్ల మైలార్ తీసుకోండి, 60 × 90 సెం.మీ. షీట్. 125 మైక్రాన్లది చవకే గానీ రంగు బరువుకు వంగుతుంది. లేజర్‌తో కోయిస్తుంటే షీట్ పీవీసీ కాదని ముందే తేల్చుకోండి. పీవీసీని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషికీ చేటు, మెషీన్‌కూ చేటు.

జరపడం ఇలా. షీట్ చివరి రెండు వరసల రంధ్రాలను గోడ మీద అప్పటికే పడిన చుక్కల మీద కూర్చోబెట్టి, ఆ రెండు వరసలనూ మాస్కింగ్ టేప్‌తో మూసి, మిగతావి కొట్టాలి. అయితే దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే చిన్న తప్పు పోగుపడుతూ పోతుంది. షీట్ అర డిగ్రీ వాలితే 3 మీటర్లు వెళ్లేసరికి 26 మి.మీ. పక్కకు పోతుంది, అంటే సగం చుక్క దూరం కంటే ఎక్కువ. అందుకని ముందే రసమట్టం పెట్టి ప్రతి 80 సెం.మీ.కు ఒక అడ్డగీత, తూకం గుండుతో ఒక నిలువుగీత దారం కొట్టి పెట్టుకోండి. 80 ఎందుకంటే 40 మి.మీ.కి సరిగ్గా 20 రెట్లు. సందు చుక్కల్లో అడ్డవరసల ఎడం 34.6 మి.మీ. అవుతుంది కాబట్టి అక్కడ అడ్డగీతలను 69.3 సెం.మీ.కు ఒకటి పెట్టాలి, అవీ 20 వరసలే. షీట్ మీద కూడా అదే గీత మార్కర్‌తో గీసి ఉంచండి. నీలి చాక్ పొడి వాడండి, ఎర్రది తెల్ల ఎమల్షన్‌కు పట్టి పోదు.

షీట్ వెనక, పెట్టి తీయగలిగే రకం స్ప్రే జిగురు పల్చగా కొట్టి రెండు నిమిషాలు ఆరనివ్వాలి. వెంటనే అంటిస్తే జిగురు గోడకు వచ్చేస్తుంది. గరుకు ప్లాస్టరింగ్ మీద అది కూడా చాలదు, అవతల ఇంకొకరు రెండు చెక్క పట్టీలతో నొక్కి పట్టాలి.

#6 ఫ్యాట్‌క్యాప్

చుక్కల షీట్ మీద కొట్టే తీరు గురించి చెప్తాను. ఎక్కువ మంది పని పాడయ్యేది ఇక్కడే.

డబ్బా షీట్‌కు నిటారుగా, 20 నుంచి 25 సెం.మీ. దూరంలో ఉండాలి. వంచి కొడితే రంధ్రం ఒక అంచు కింద రంగు చేరి చుక్కకు తోక వస్తుంది. పైవరసకు చెయ్యి ఎత్తి కొట్టేటప్పుడు తెలియకుండానే డబ్బా వంగుతుంది. అందుకే ఎప్పుడూ ఛాతీ ఎత్తులోనే కొట్టేలా పరంజా మారుస్తూ పోవాలి. ఒకేసారి నిండుగా కాకుండా పల్చటి రెండు పూతలు, మధ్యలో రెండు నిమిషాలు. తక్కువ ప్రెషర్ డబ్బాలు తీసుకోండి, మాంటానా గోల్డ్, ఎంటీఎన్ 94 లాంటివి. ఎక్కువ ప్రెషర్ డబ్బా గాలికే షీట్ లేచిపోతుంది. అవి ఫిల్-ఇన్‌కు మంచివి, స్టెన్సిల్‌కు కావు.

షీట్ మీద రంగు పేరుకుంటే రంధ్రం చిన్నదవుతుంది. 20 మి.మీ. రంధ్రం చుట్టూ అర మి.మీ. పేరుకుంటే 19 అవుతుంది. చూస్తే తెలియదు గానీ విస్తీర్ణం 10 శాతం తగ్గుతుంది. మొదటి షీట్ పడిన చోటు, పదో షీట్ పడిన చోటు పక్కపక్కన వస్తే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ప్రతి 8 నుంచి 10 సార్లకు షీట్ తుడవండి. రెండు షీట్లు కోయించి మార్చి మార్చి వాడితే ఒకటి ఆరుతుండగా ఇంకోటి పనిలో ఉంటుంది.

డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి. మ్యాట్ రంగులో పిగ్మెంట్ అడుగున గట్టిగా కూర్చుని ఉంటుంది. సగం ఊపితే మొదట పల్చగా వచ్చి, చివరికి ముద్దగా వచ్చి క్యాప్ (రంగు చిమ్మే మూత) మూసుకుంటుంది. పని ఆపేటప్పుడు డబ్బా తలకిందులు చేసి, రంగు ఆగి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కాలి.

మాస్క్ గురించి ఎవరూ రాయలేదు. గుడ్డ మాస్క్, దుమ్ము మాస్క్ సాల్వెంట్ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ ఆవిరికీ, సన్నటి తుంపరకూ రెండింటికీ పనికొచ్చే ఏ2పీ2 లేదా ఏ2పీ3 ఫిల్టర్ ఉన్న సగం ముఖం రెస్పిరేటర్ వాడాలి. లోపల వాసన తెలిసిందంటే ఫిల్టర్ అయిపోయినట్టు. లేదా మాస్క్ ముఖానికి సరిగ్గా కూర్చోనట్టు. గడ్డం ఉంటే అసలు కూర్చోదు.

#7 రైలుపెట్టె

నేను ఒప్పుకోను. ఇంత స్టెన్సిల్, ఇంత దారం కొట్టడం అయితే అది గోడ మీద అచ్చువేసిన పోస్టరే. గ్రాఫిటీ ఎక్కడుంది? చుక్కలను కూడా డబ్బాతో చేత్తోనే వేయొచ్చు. సన్నగా చిమ్మే స్కిన్నీ క్యాప్ గోడకు 2 నుంచి 3 సెం.మీ. దగ్గర పెట్టి క్షణం తాకి వదిలితే సుమారు 2 సెం.మీ. చుక్క పడుతుంది. అంచు మెత్తగా ఉంటుంది, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. దానికి ప్రాణం ఉంటుంది.

పాప్ ఆర్ట్ చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్ కూడా 1961లో లుక్ మిక్కీ అనే బొమ్మ వేసినప్పుడు కుక్కల వెంట్రుకలు దువ్వే ప్లాస్టిక్ బ్రష్‌ను రంగులో ముంచి అద్దాడు. ఆ చుక్కలు సమంగా లేవు. అయినా ఆ శైలి అక్కడే మొదలైంది.

#8 నల్లగీత

రైలుపెట్టె గారూ, లుక్ మిక్కీ సంగతి నిజమే. కానీ ఆయన ఆ బ్రష్‌ను వదిలేసి తర్వాత రంధ్రాల స్క్రీన్‌లోంచి చిన్న బ్రష్‌తో రంగు నొక్కే పద్ధతికి ఎందుకు వెళ్లాడో కూడా చూడాలి. చుక్క సమంగా ఉంటేనే చుట్టూ ఉన్న గీత మనిషి గీసినట్టు కనిపిస్తుంది. అన్నీ వణికితే ఏదీ వణికినట్టుండదు.

పైగా లెక్క చూడండి. ముఖం నిండా చుక్కలే అనుకుంటే, 3 మీటర్లు × 2 మీటర్ల చోటులో 40 మి.మీ. సరి గడుల్లో 75 × 50, అంటే 3,750 చుక్కలు. వెయ్యి దాటేసరికి వేలు అలసి నొక్కు మారుతుంది. చుక్కలు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు లావవుతూ పోతాయి. అది ప్రాణం కాదు, అలసట. గోడ అంతటా కనపడుతుంది.

చేతి చుక్కలకు చోటు లేదనడం లేదు. వెనక అక్షరాల ఫిల్-ఇన్‌లో లావుగా చిమ్మే ఫ్యాట్ క్యాప్‌తో 8 నుంచి 10 సెం.మీ. మెత్తటి చుక్కలు 30, 40 వేయండి. ముఖంలో గట్టి అంచు చుక్క, అక్షరాల్లో మెత్తటి చుక్క. ఆ తేడాయే బొమ్మను ముందుకు, అక్షరాలను వెనక్కు తోస్తుంది.

#9 రైలుపెట్టె

అక్షరాల్లో మెత్తటి చుక్క అన్నది నాకు నచ్చింది. అయితే నల్లగీతకు మాత్రం టేపు వాడొద్దని గట్టిగా చెప్తాను. టేపు తీశాక అంచు కత్తిలా ఉంటుంది, రెండు చివర్లూ మొద్దుగా ఉంటాయి. ఆ గీత చేత్తోనే రావాలి.

#10 నల్లగీత

అందులో ఇద్దరం ఒకటే. నల్లగీత గురించి పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే బొమ్మ నిలిచేదీ పడేదీ దాని మీదే.

ముందు ఏ జాతి గీత కావాలో తేల్చుకోవాలి. న్యూయార్క్ చిత్రకారుడు కీత్ హారింగ్ గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. 1980 నుంచి న్యూయార్క్ సబ్‌వేలో గడువు తీరిన ప్రకటనల మీద అంటించిన నల్ల కాగితాలపై తెల్ల చాక్‌తో గీసి గీసి వచ్చిన గీత అది. చెరపడానికి వీల్లేదు, ఆగడానికి సమయం లేదు. కామిక్ ఇంకు గీత అలా కాదు. సన్నగా మొదలై, వంపులో లావై, మళ్లీ సూదిగా ముగుస్తుంది. మీ ముఖానికి రెండోదే సరైనది.

3 మీటర్ల ఎత్తు బొమ్మకు బయటి గీత లావు చోట 5 నుంచి 6 సెం.మీ., సన్న చోట 1.5. ముక్కు, కనురెప్పల్లాంటి లోపలి గీతలు 1 నుంచి 3. అన్నీ ఒకే మందమైతే రంగులు నింపే పుస్తకంలా ఉంటుంది.

డబ్బాతో గీసేటప్పుడు స్కిన్నీ క్యాప్, 3 నుంచి 5 సెం.మీ. దూరం. గోడకు దగ్గరైతే సన్నం, దూరమైతే లావు, కానీ దూరమైన కొద్దీ అంచు పొగలా మారుతుంది. కాబట్టి లావు గీతను ఒక్కసారిగా గీయకండి. రెండు అంచులూ సన్నగా గీసి మధ్య నింపండి. గీత మొదలుకు ముందే చెయ్యి కదలడం మొదలవ్వాలి, ఆ తర్వాతే క్యాప్ నొక్కాలి. చివర్లో చెయ్యి కదులుతుండగానే వదలాలి. చెయ్యి ఆగాక వదిలితే అక్కడ ముద్ద పడి కారుతుంది. భుజం నుంచి కదలాలి, మణికట్టు నుంచి కాదు. వణికిన చోట రెండోసారి నల్లరంగు పోయకండి, గీత లావైపోతుంది. పక్క రంగుతో కట్‌బ్యాక్ చేయండి. చుక్కల పక్కన కట్‌బ్యాక్ కష్టం కాబట్టి అక్కడ మాత్రం బ్రష్, నల్ల ఎమల్షన్ వాడితే తప్పులేదు.

#11 సున్నంపూత

గోడ తయారీ గురించి ఒక్క ముక్కా రాలేదు, అందుకే ఇది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటు క్షారానికి సింథటిక్ రంగులు సబ్బులా మారి ఊడిపోతాయి. పాత గోడ అయితే 45 × 45 సెం.మీ. పారదర్శక ప్లాస్టిక్ షీట్‌ను నాలుగు వైపులా టేపుతో మూసి 16 గంటలు ఉంచండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే గోడలో చెమ్మ ఉంది. పూత వేస్తే బుడగలు లేస్తాయి. తెల్లటి ఉప్పు పొడి ఉంటే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి లోపలికి పోయి మళ్లీ వస్తుంది.

అరచేత్తో గోడ రుద్దండి. పొడి అంటితే పాత పూత వదులుగా ఉన్నట్టు. గీకి, చొచ్చుకుపోయే ప్రైమర్ కొట్టాకే ఎమల్షన్. మొదటి కోటు కొంచెం నీళ్లు కలిపి, రెండోది చిక్కగా. స్ప్రే ముట్టుకునే ముందు 24 గంటలు. పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉన్న ఎమల్షన్ మీద సాల్వెంట్ రంగు పడితే ముడతలు లేస్తాయి.

చుక్కలు పడే చోటును నున్నగా చేసుకోండి. బయటి గోడలకు వాడే పుట్టీ పల్చగా లాగి ఎమరీ పేపర్ పట్టండి. మిగతా గోడ గరుకుగా ఉన్నా పర్వాలేదు, ఫేడ్‌లకు గరుకే మేలు.

#12 గడులపటం

డిజైన్ ఎక్కించడానికి ప్రొజెక్టర్ కావాలంటే చీకటి కావాలి, గోడకు ఎదురుగా చోటు కావాలి. ప్రొజెక్టర్ వంగితే ముఖం ఒకవైపు సాగుతుంది. మీ కొలతకు పిచ్చిగీతల పద్ధతి చాలు. బేస్ మీద లేత రంగుతో చేతికొచ్చిన గుర్తులు చల్లండి: అంకెలు, సున్నాలు, అక్షరాలు, బాణాలు. ప్రతి 30 సెం.మీ.కు ఒకటైనా ఉండాలి, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. గోడకు నిటారుగా, వీలైనంత దూరం నుంచి ఫొటో తీయండి. దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు వంగుతాయి. ఫోన్‌లో ఏ డ్రాయింగ్ యాప్‌లోనైనా ఆ ఫొటో మీద డిజైన్‌ను సగం పారదర్శకంగా పరచండి. ఇక "కంటి కొస 7 అంకె తోకకు తగులుతుంది, గడ్డం బాణం కింద పడుతుంది" అని చూసుకుంటూ గీయడమే. గుర్తులకు నల్ల మార్కర్ వాడొద్దు, తెల్ల ఎమల్షన్‌లోంచి పైకి ఊరుతుంది.

#13 ఫ్యాట్‌క్యాప్

రంగు లెక్క. ఎమల్షన్ గరుకు గోడ మీద లీటరుకు ఒక కోటు 8 చ.మీ. వస్తుందనుకుంటే, 12 చ.మీ.కి రెండు కోట్లు 3 లీటర్లు, ముఖం కట్‌బ్యాక్‌కు ఇంకో లీటరు. జుట్టు పసుపు 1 లీటరు, రెండు కోట్లకు.

400 మి.లీ. స్ప్రే డబ్బా 1.5 నుంచి 2 చ.మీ. కప్పుతుంది. అక్షరాల చోటు 5 చ.మీ. అయితే అన్ని రంగులూ కలిపి 6 డబ్బాలు, ఫేడ్‌లో ఒకదాని మీద ఇంకోటి పడుతుంది కాబట్టి. చుక్కలకు ఒక చిక్కు ఉంది. 2 చ.మీ. చోటులో చుక్కలు కప్పేది 0.7 చ.మీ. మాత్రమే, కానీ రంగు ఖర్చు మొత్తం 2 చ.మీ.కి అవుతుంది. మిగిలినదంతా షీట్ మీద పడేదే. పైగా రెండు పూతలు. ఎరుపు 3 డబ్బాలు ఉంచుకోండి, ఒకే బ్యాచ్‌వి. నలుపు 3, తెలుపు 2. క్యాప్‌లు డబ్బాల సంఖ్యకు రెట్టింపు.

#14 కొత్తగోడ

మాటల బుడగలో తెలుగు అక్షరాలు వేయాలనుకుంటున్నాను. స్టెన్సిల్‌కు కుదురుతాయా? ఎండకు రంగులు ఎంతకాలం ఉంటాయి?

#15 గడులపటం

కుదురుతాయి. కాకపోతే మన అక్షరాల్లో మూసుకున్న గుండ్రాలు ఎక్కువ. సున్న, ఠ, ర లోపలి ముక్క కోయగానే రాలిపోతుంది. ప్రతి మూసిన గుండ్రానికి రెండు వంతెనలు వదలాలి, ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకు. ఎదురెదురుగా ఉంటే అక్షరం మధ్యకు చీలినట్టు చదువుతాం. 25 సెం.మీ. అక్షరానికి వంతెన 8 మి.మీ. తర్వాత బ్రష్‌తో పూడ్చేయొచ్చు. వత్తులను అసలు అక్షరంలో సగం ఎత్తు కంటే తగ్గించకండి, దూరం నుంచి మచ్చలా కనిపిస్తాయి.

బుడగ వరకు కాగితం మీద వేసి అంటించాలనుకుంటే 80 నుంచి 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం, మైదా జిగురు. ఒక పాలు మైదాను చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, మొత్తం నీళ్లు ఐదు పాళ్లు అయ్యేలా చిక్కబెట్టాలి. గోడకు ఒక పూత, కాగితం, పైన ఇంకో పూత. మధ్య నుంచి అంచులకు బ్రష్ లాగితే గాలి పోతుంది. అది వానకు ఊడుతుందని తెలిసే వేసుకోవాలి.

#16 సున్నంపూత

ఎండ ప్రశ్నకు. ఫ్లోరసెంట్ రంగులు బయట వాడకండి. నేరుగా ఎండ పడే గోడ మీద కొన్ని నెలల్లోనే పాలిపోతాయి. మామూలు రంగుల్లో ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, గోధుమ రంగులు, థాలో నీలం, ఆకుపచ్చ, నలుపు గట్టివి. చవక ఎరుపులు, గులాబీ, పసుపు ముందు పోతాయి. వీధిలో పాత పోస్టర్లు నీలంగా మారడానికి కారణం ఇదే: గులాబీ, పసుపు ఇంకులు పోయి నీలం, నలుపు మిగులుతాయి. మీ చుక్కలు ఎరుపు కాబట్టి డబ్బా మీద లైట్‌ఫాస్ట్‌నెస్ (ఎండకు రంగు నిలిచే గుణం) గుర్తు చూసి కొనండి. రంగులు తక్కువైతే మళ్లీ దిద్దడం తేలిక. హారింగ్ 1989లో ఇటలీలోని పీసా నగరంలో చర్చి గోడ మీద వేసిన టుట్టోమోండో అనే బొమ్మ 180 చ.మీ., 30 ఆకారాలు, అన్నీ లెక్కపెట్టగల చదును రంగులు.

#17 నల్లగీత

ముఖం ఎక్కడ నుంచి తీసుకుంటున్నారో చెప్పలేదు. పాత కామిక్ పేజీలోంచి నేరుగా ఎత్తకండి. ఈ రంగంలో ఆ పని ఎప్పటి నుంచో ఉన్నా చట్టం దాన్ని తేలిగ్గా తీసుకోదు. వీధి చిత్రకారుడు షెపర్డ్ ఫెయిరీ ఒబామా ముఖంతో చేసిన 2008 హోప్ పోస్టర్ ఒక వార్తాసంస్థ ఫొటో ఆధారంగా వచ్చింది. ఆ వ్యాజ్యం 2011లో రాజీతో ముగిసింది. ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ తీసిన ఫొటో నుంచి వార్‌హోల్ చేసిన గాయకుడు ప్రిన్స్ బొమ్మ విషయంలో, దాన్ని పత్రికకు లైసెన్స్ ఇవ్వడం న్యాయమైన వాడుక కిందికి రాదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో తీర్పిచ్చింది. మీకు తెలిసిన మనిషిని ఒప్పించి, ఒకవైపు గట్టి దీపం పెట్టి ఫొటో తీసుకోండి. నీడ ఎక్కడ పడిందో అక్కడే చుక్కలు. ఇలా చేస్తే బొమ్మ కూడా మీదే అవుతుంది. నాకు ఇదే ముఖ్యం.

గోడ యజమాని ఇచ్చిన కాగితంలో బొమ్మ ఎంతకాలం ఉంటుందో, చెరపాలంటే ముందుగా చెప్పాలో లేదో కూడా రాయించుకోండి. న్యూయార్క్‌లో గ్రాఫిటీకి పేరుపడ్డ 5పాయింట్జ్ భవనం గోడలకు 2013లో యజమాని రాత్రికి రాత్రి తెల్లరంగు కొట్టించినందుకు 2018లో కోర్టు 45 బొమ్మలకు 67.5 లక్షల డాలర్ల పరిహారం వేసింది, 2020లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. అది అక్కడి 1990 నాటి కళాకారుల హక్కుల చట్టం బలం. అలాంటి చట్టం లేనిచోట చేతిలో కాగితమే దిక్కు.

#18 కొత్తగోడ

తెలిసినవాళ్ల ముఖంతోనే చేస్తాను. చివరి ప్రశ్న: పైన క్లియర్ కోటు వేయాలా?

#19 సున్నంపూత

వేయాలి, కానీ వారం ఆగాక. స్ప్రే రంగులోని సాల్వెంట్ పూర్తిగా పోకముందే మూసేస్తే పూత మబ్బుగా మారుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు వేసినా అదే తెల్లదనం వస్తుంది. యూవీ నుంచి కాపాడే, నీటి ఆధారిత మ్యాట్ రకం తీసుకోండి. మెరిసే రకం ఎండలో అద్దంలా తళుక్కుమని చుక్కలు కనపడకుండా చేస్తుంది. రోలర్‌తో పల్చగా రెండు కోట్లు, ముందు మూలలో అరచేయంత చోట వేసి ఒకరోజు చూడండి. మార్కర్‌తో గీసిన చోట్లు ఉంటే అవి ఊరే ప్రమాదం ఉంది, అక్కడ మొదటి కోటు డబ్బా క్లియర్‌తో దూరం నుంచి పొగలా చల్లి ఆరబెట్టాకే రోలర్.

బొమ్మ మీద ఎవరైనా ట్యాగ్ చేస్తారన్న (తమ పేరు రాసేస్తారన్న) భయం ఉంటే మైనం రకం పైపూత ఉంది. వేడినీళ్ల జెట్‌తో ట్యాగ్‌తో పాటు మైనమూ పోతుంది, ఆ చోట మళ్లీ పూయాలి. రెండు భాగాలు కలిపే పాలీయురేథేన్ అయితే చాలాసార్లు తుడవొచ్చు. కానీ గోడ ఊపిరి మూసుకుంటుంది, చెమ్మ ఉన్న గోడకు పనికిరాదు. ముందు ఆ ప్లాస్టిక్ షీట్ పరీక్ష చేసి, ఫలితం ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ఏది కొనాలో చెప్తాను.